షాద్‌నగర్ దగ్గర మొదటి ప్లాటు: అడ్వాన్స్ కట్టేయాలా?

ప్రశ్న: అన్నలూ, ఐదేళ్లు చీటీలు కట్టి 9 లక్షలు కూడబెట్టాను. 150 గజాల ప్లాటు చూశాను, మొత్తం 15 లక్షలు. ఆదివారంలోపు 2 లక్షలు ఇవ్వకపోతే రేటు పెరుగుతుందని ఏజెంట్ టెన్షన్ పెడుతున్నాడు.

జవాబు: ఆగు తమ్ముడూ. 2016లో నేనూ బ్రోచర్ చూసి కట్టేశాను, అమ్మ గాజులు తాకట్టు పెట్టి మరీ. లేఅవుట్‌కు అనుమతే లేదు. ఇప్పటికీ అక్కడ ఇల్లు కట్టుకోలేకపోయాను. రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, తెలంగాణ రెరా సైట్‌లో నువ్వే చూసుకో. 30 ఏళ్ల ఈసీ (ఆ స్థలంపై రిజిస్టరైన లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల అమ్మకపు పత్రాలు) నీకు తెలిసిన లాయరుకు చూపించు. ఏజెంట్ చెప్పిన లాయరు వద్దు.

ఇంకో జవాబు: అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి తీసుకోవడం రెరా చట్టానికి విరుద్ధం. అంటే లక్షన్నర దాటకూడదు. రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా విడిగా పక్కన పెట్టుకో.

ప్రశ్న అడిగినవారు: రెరా నంబరు అడిగాను అన్నా. సాయంత్రం పంపిస్తానన్నాడు. వచ్చేదాకా రూపాయి ఇవ్వను.