అప్‌డేట్: రివ్యూలో అందరూ "అంతా బాగానే ఉంది" అనే టీమ్ గురించి

వారం వారం రివ్యూలో ఎవరూ సమస్య బయటపెట్టరు, తీరా చూస్తే డెలివరీ తప్పుతుంది, ఏం చేయాలని అడిగాను కదా. ఫోర్డ్ మాజీ సీఈవో అలన్ ములాలీ పద్ధతి చూడమన్నవాళ్లకి థాంక్స్. 2006లో ఫోర్డ్ నష్టం 1,200 కోట్ల డాలర్ల పైమాటే. అయినా ఆయన పెట్టే గురువారం రివ్యూల్లో చార్టులన్నీ ఆకుపచ్చగానే, అంటే "అంతా సవ్యం" అన్నట్టే ఉండేవట! ఫోర్డ్ పెద్ద అధికారుల్లో మార్క్ ఫీల్డ్స్ ఒక్కరే ఎడ్జ్ కారు లాంచ్‌కి ఎరుపు (అంటే సమస్య ఉందని) పెడితే, ములాలీ చప్పట్లు కొట్టారు.

మేమూ షీట్‌లో రంగులు మొదలెట్టాం. మొదట్లో అంతా పచ్చే. పోయిన వారం టెస్టింగ్ చూసే అమ్మాయి పేమెంట్ మాడ్యూల్‌కి ఎరుపు పెట్టింది. ఎవరైనా సన్నాయి నొక్కులు మొదలెట్టేలోపే, "దీనికి ఎవరు చెయ్యేస్తారు?" అన్నాను. ఇద్దరు ముందుకొచ్చారు. రిలీజ్ ఇంకా వెనకబడే ఉందనుకోండి. ఇప్పుడు అసలు తలనొప్పి, ఈ ఎరుపుని మా పైవాళ్లకి ఎలా చూపించాలన్నది. వాళ్లు చప్పట్లు కొట్టే రకం కాదు.