ఆర్మీ వేలం లారీ కొనచ్చా, వద్దా?

చీనీ రైతు, ఉరవకొండ:
అన్నలకు నమస్కారం. నాకు ఏడెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. ఎండాకాలం బోరు తగ్గితే ట్యాంకరే దిక్కు. తోట దారంతా నల్లరేగడి, మే నెలలో ఒక్క వాన పడితే ట్రాక్టర్ కూడా ఇరుసు దాకా దిగబడుతుంది. గుంతకల్లు దగ్గర ఒకాయన ఆర్మీ వేలంలో తెచ్చిన అశోక్ లేలాండ్ స్టాలియన్ అమ్ముతున్నాడు. నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే బండి, రీడింగ్ 41 వేల కిలోమీటర్లే. 4 లక్షల 20 వేలు అడుగుతున్నాడు. నాయన వద్దంటున్నాడు. మీరేమంటారు?

డీజిల్ షెడ్డు, కర్నూలు:
తమ్ముడూ, 41 వేలు చూసి మురిసిపోవద్దు. తక్కువ తిరిగిందంటే ఎక్కువ కాలం నిలబడిందని అర్థం. పోయినేడు ఇట్లాంటి బండి ఒకటి నా షెడ్డుకు వచ్చింది. ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, ఓనరు ముఖం వెలిగిపోయింది. ఈ బండి బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి, పావుగంటైనా ఆ గాలి ముల్లు పైకి లేవలేదు. కింద పడుకొని పైపులకు సబ్బునీళ్లు పూస్తే నాలుగు చోట్ల బుడగలు. ముందు ఇరుసు మధ్య ఉండే గేరుపెట్టె, అదే డిఫరెన్షియల్, దాని డ్రెయిన్ బోల్టు విప్పితే పాలు ఎక్కువైన టీ రంగులో ఆయిల్ కారింది, లోపలికి నీళ్లు దిగినాయన్నమాట. డీజిల్ ట్యాంకు అడుగున బురద. రబ్బరు సీళ్లన్నీ గోటితో గీకితే పొడి రాలుతోంది.

ఇంకో సంగతి. ఈ బండి కరెంటు 24 వోల్టులు, రెండు బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి. ఆ ఓనరు పాటల డబ్బాకు 12 వోల్టులు కావాలని ఒకే బ్యాటరీ నుంచి వైరు లాక్కున్నాడు. ఒకటి ఎప్పుడూ దిగిపోతుంది, రెండోదానికి చార్జింగ్ ఎక్కువై ఉడుకుతుంది. నెలల్లోనే రెండూ పోయినాయి. 24ను 12 చేసే కన్వర్టర్ పెట్టుకోవాల్సింది. టైర్ల పక్కగోడ మీద నాలుగంకెలు చూడు. 2312 అంటే 2012లో 23వ వారం తయారైందని. పైన గాడులు ఎంత లోతున్నా పాత టైరు పాతదే.

నా లెక్క ఇది: కొన్న ధరలో సగమైనా రిపేర్లకు పక్కన లేకపోతే చెయ్యి పెట్టొద్దు.

మాజీ సైనికుడు, కడప:
నేను ఆర్మీలో 17 ఏళ్లు బండ్లే నడిపాను. కర్నూలు అన్న చెప్పిన జబ్బులన్నీ నిజమే కానీ అవి బండి తప్పు కాదు, చూసుకోనోళ్ల తప్పు. నేను చేరినప్పుడు శక్తిమాన్ లారీలు ఉండేవి, జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్ ఫ్యాక్టరీలో చేసినవి. వాటికి ఇప్పుడు సామాను దొరకడం కష్టం. స్టాలియన్‌కు అంత ఇబ్బంది లేదు, ముందు ఇరుసు, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకు పవర్ పంచే గేరుపెట్టె) సామానుకే తిరగాల్సి వస్తుంది.

రోజూ సాయంత్రం బ్రేకు గాలి ఉండే ఎయిర్ ట్యాంకుల్లో చేరిన నీళ్లు బయటికి వదలాలి. ఫ్రంట్ ఇరుసు లీవరు బురదలోకి దిగకముందే వేయాలి, దిగబడినాక కాదు. తారు రోడ్డెక్కగానే తీసేయాలి. మలుపుల్లో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు, ఆ బిగువంతా గేర్ల మీద పడుతుంది. కొత్తవాళ్లు బండిని పాడుచేసేది ఎక్కువగా ఇక్కడే.

దారి లేని చోట అది 5 టన్నుల బండి. 5 వేల లీటర్ల నీళ్లే 5 టన్నులు, ట్యాంకు ఇనుము బరువు వేరే. 4 వేల దగ్గర ఆపు. లోపల అడ్డురేకులు పెట్టించు, లేకుంటే మలుపులో నీళ్లు ఊగి బండిని లాగేస్తాయి. నేనైతే కొనమనే అంటాను.

బండల క్వారీ, బేతంచెర్ల:
తోటలోనే కదా తిరిగేది, నంబరు, ఇన్సూరెన్స్ ఎందుకు? మా పక్క అట్లే నడుస్తున్నాయి.

ఆర్టీవో పనులు, అనంతపురం:
అన్నా, ఆ మాట మాత్రం అనొద్దు. తోటకు పోయే దారి ఊరందరిదీ. అక్కడ ఒక మనిషికి తగిలితే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుంటే పరిహారం తోట అమ్మినా తీరదు. సైన్యం బండికి బాణం గుర్తు నంబరు ఉంటుంది, మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ కింద. సైన్యం చేతి నుంచి బయటికి వచ్చిన రోజే అందరిలాగా రిజిస్ట్రేషన్ చేయించాలి. కాబట్టి తమ్ముడూ, వేలం పాడినాయన పేరు మీద మన రాష్ట్రం నంబరు పడిందా అని మొదట అడుగు. వేలం కాగితాల్లో స్క్రాపింగ్ కేంద్రాలకు మాత్రమే అని ఉంటే ఆ బండి మనది కానే కాదు. ట్యాంకరుగా మారిస్తే ఆర్‌సీలో ఎక్కించాలి. 8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్. 15 ఏళ్లు దాటిన పెద్ద లారీకి ఆ ఫీజు 2022లోనే 12,500 చేశారు. ఆలివ్ గ్రీన్ రంగు కూడా తీసేయాలి, అది రక్షణ శాఖ బండ్లకే.

చీనీ రైతు, ఉరవకొండ:
అందరికీ దండాలు. ఈ పొద్దు ఫోన్ చేశాను. నంబరు పడలేదంట, డెలివరీ కాగితం ఒక్కటే ఉందంట. టైరు మీద 3009. ముందు నీ పేరు మీద నంబరు వేయించు, అప్పుడే అడ్వాన్సు ఇస్తానన్నాను. ధర 50 వేలు తగ్గిస్తా, కాగితాలు నువ్వే చూసుకో అన్నాడు. ఒప్పుకోలేదు. నెల టైం అడిగాడు. ఆదివారం నాయనను వెంటబెట్టుకొని బండి చూసొస్తా. కర్నూలు అన్నా, ఆ డ్రెయిన్ బోల్టుకు ఏ సైజు స్పానర్ పడుతుందో చెప్పు, తీసుకుపోతా.