పేపర్‌కట్ (ఆఫీసు ప్రింట్ల లెక్క చూసే సాఫ్ట్‌వేర్) సర్వర్‌కి ఫెయిలోవర్ (ఒకటి పడితే ఇంకోటి లేచే ఏర్పాటు) పెట్టాలి, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

గిండీ_ఐటీ:
హెడ్డాఫీసు చెన్నై గిండీలో, ప్లాంటు ఒరగడంలో, రెండిటికీ కలిపి ఒకటే పేపర్‌కట్ సర్వరు. విండోస్ సర్వర్ 2019, డేటాబేస్ ఇన్‌స్టాల్‌తో పాటు వచ్చిందే. ప్యాచ్ వేసి రీస్టార్ట్ కొట్టినా, రెండు చోట్ల మధ్య లింకు పోయినా ప్లాంటులో గేట్‌పాస్ ప్రింటు రాదు, లారీ గేటు దాటదు, ఇక అందరూ నాకే ఫోన్లు. మా మేనేజర్ గారు రెండు సర్వర్లు పెట్టి క్లస్టర్ (రెండూ కలిసి ఒకటిలా పనిచేసే జట్టు) చేసెయ్ అంటున్నారు. రెండిట్లో పేపర్‌కట్ వేసి ఒకే డేటాబేస్ చూపిస్తే చాలా?

నైట్‌షిఫ్ట్:
రెండూ ఒకేసారి నడపకండి బాసూ, ఒకటి నడుస్తుంటే రెండోది ఖాళీగా కూర్చోవాలి, మొదటిది పడితేనే లేవాలి. అందుకే నోడ్లలో (క్లస్టర్‌లోని సర్వర్లలో) పేపర్‌కట్ సర్వీసు స్టార్టప్ మాన్యువల్లో పెట్టి లేపే పని క్లస్టర్‌కే వదిలెయ్యాలి. రెండే నోడ్లు కదా, విట్‌నెస్ (ఏ నోడు నడవాలో తేల్చే మూడో ఓటు) కూడా పెట్టండి. ఇదంతా తర్వాత, ముందు ఇన్‌స్టాల్‌తో వచ్చిన ఆ డెర్బీ డేటాబేస్ వదిలించుకోండి. సర్వీసు ఆపి పేపర్‌కట్‌లోనే ఉండే డీబీ-టూల్స్ కమాండ్‌తో ఎక్స్‌పోర్ట్ చేసి పోస్ట్‌గ్రెస్‌లోకో ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోకో ఇంపోర్ట్ చెయ్యొచ్చు. ఆ డేటాబేస్ కూడా ఒక్క మెషీన్ మీదే పెడితే ఇంత కష్టమూ దండగ.

పాతస్పూలర్:
స్పూలర్ (విండోస్‌లో ప్రింట్ క్యూ నడిపే సర్వీసు) సంగతి ఎవరూ అనలేదే. విండోస్ సర్వర్ 2008 ఆర్2లో లాగా ప్రింట్ సర్వర్‌ని క్లస్టర్ రోల్‌గా పెట్టడం 2012 నుంచి తీసేశారు, ఇప్పుడు మొత్తం వీఎంలో (వర్చువల్ మెషీన్‌లో) పెట్టి ఆ వీఎంనే మైక్రోసాఫ్ట్ హైపర్-వీ క్లస్టర్ మీద నడపాలి. హోస్టు (వీఎంని నడిపే అసలు మెషీన్) పోతే పక్క హోస్టు మీద లేస్తుంది. కానీ వీఎం లోపల ప్యాచ్ వేస్తే రీస్టార్ట్ తప్పదు, ఈ ముక్క మేనేజర్ గారికి ముందే చెప్పండి.

గిండీ_ఐటీ:
మరి లింకు పోతేనో అన్నా?

పాతస్పూలర్:
దానికి గిండీలో ఎన్ని నోడ్లు పెట్టినా లాభం లేదు తమ్ముడూ. ప్లాంటులోనే ప్రింట్ సర్వర్ ఉండాలి, మెషీన్ దగ్గర కార్డు చూపించి తీసుకునే ప్రింట్లుంటే సైట్ సర్వర్ (లింకు పోయినా అక్కడి పని నడిపే పేపర్‌కట్ సర్వర్) కూడా. గేట్‌పాస్ ప్రింటర్ ఒక్కటే అయితే సైట్ సర్వర్ అక్కర్లేదు, ప్లాంటులో ప్రింట్ సర్వర్ ఉంటే చాలు, అప్లికేషన్ సర్వర్ (గిండీలోని అసలు పేపర్‌కట్ సర్వర్) అందనప్పుడు ప్రింట్ వదిలెయ్, లింకు వచ్చాక లెక్క రాసుకో అనే ఆప్షన్ ప్రింటర్ సెట్టింగుల్లోనే ఉంది, పైసా ఖర్చు లేదు. ఇంకోటి, ప్రింట్ సర్వర్‌కి అప్లికేషన్ సర్వర్ ఎక్కడుందో చెప్పే ప్రింట్-ప్రొవైడర్ కాన్ఫ్ ఫైల్లో నోడు పేరు కాదు, క్లస్టర్ పేరు ఇవ్వు. పేపర్‌కట్ వాడే 9191, 9192, 9193 పోర్టులు తెరిచున్నాయో లేదో చూసుకో.

నైట్‌షిఫ్ట్:
అవును, ముందు ఆ ఆప్షన్ పెట్టి ఏదో ఆదివారం లింకు కేబుల్ పీకి చూడండి, నెలాఖర్లో మాత్రం వద్దు.