క్వార్ట్జ్ స్లాబులు నిషేధించాలా, నీళ్లు పెట్టి కోస్తే సరిపోతుందా?

పలుగురాయి:
కిచెన్ ప్లాట్‌ఫారాలకి వేసే క్వార్ట్జ్ స్లాబులని, అంటే రాతి పొడికి రెజిన్ అనే జిగురు కలిపి ఫ్యాక్టరీలో చేసేవాటిని, ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి నిషేధించింది. తయారీ, అమ్మకం, బిగింపు అన్నీ. నా లెక్కలో అదే కరెక్టు. వీటిలో మామూలుగా 90 శాతం దాకా సిలికా, అంటే ఇసుకలో ఉండే ఖనిజం ఉంటుంది, గ్రానైట్‌లో అందులో సగం కూడా ఉండదు, పాలరాతిలో మరీ తక్కువ. మిగతా రాళ్లతో ఎన్నో ఏళ్లకి బయటపడే సిలికోసిస్, అంటే సిలికా దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, వీటి దుమ్ముతో పదేళ్లలోపే కుర్రవాళ్లకి వస్తోంది.

ఉలి_సుత్తి:
మీ బాధ అర్థమైంది కానీ నిషేధానికి ఒప్పుకోలేను. తప్పు రాయిది కాదు, పొడిగా కోయించేవాడిది. కాంక్రీటు, ఇటుక, ఇసుక, టైల్స్, ఎందులో లేదు సిలికా? అన్నీ ఆపేద్దామా? నీళ్లతో కోయడం, గ్రైండర్‌కే వాక్యూమ్ తగిలించడం, సరైన మాస్క్, ఇవన్నీ ఉన్నవే. ఎనిమిది గంటల షిఫ్టు సగటున ఘనపు మీటరు గాలిలో సిలికా దుమ్ము 50 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికా 2016లో రూలు పెట్టింది. దాన్ని గట్టిగా అమలు చేయండి, పని పోగొట్టకండి.

పాలిష్_పని:
ఈ పనిలో ఉన్నవాడిగా చెప్తున్నా అన్నా. షాపులో నీళ్లు పెడతారు, నిజమే. కస్టమర్ ఇంటికెళ్లాక సింకు రంధ్రం కాస్త చిన్నదైందనుకోండి, నీళ్లు పోస్తే కొత్త కప్‌బోర్డులు పాడవుతాయని వాళ్లు ఒప్పుకోరు, దాంతో మూసిన గదిలో పొడిగానే గ్రైండర్ పెట్టేస్తాం. మాస్క్ ఉక్కపోతకి కాసేపట్లో గడ్డం కిందకి దిగిపోతుంది. సాయంత్రం చీపురుతో ఊడుస్తాం, షాపులో నీళ్లతో కారిన బురద కూడా ఎండాక మళ్లీ దుమ్మే కదా. కంటికి కనపడే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగుతుంది, ఊపిరితిత్తుల అడుగుకి పోయేది అసలు కనపడదు.

పలుగురాయి:
నేననేదీ అదే. ఉలి_సుత్తి గారూ, కాంక్రీటు లేకుండా కట్టలేం, కానీ ప్లాట్‌ఫారానికి గ్రానైట్, స్టీలు, చెక్క ఉన్నాయి కదా. వేరే దారి ఉండగా మాస్క్ పెట్టుకోలేదని పనివాణ్ణి తిట్టడం అన్యాయం. ఊపిరితిత్తుల్లో ఆ దుమ్ము రేణువుల్ని మింగిన కణాలు చచ్చి, అక్కడ గట్టి మచ్చ కడుతుంది, పని మానేసినా అది పెరుగుతూనే ఉండొచ్చు. నయం చేసే మందు లేదు. దీనికితోడు 1997లోనే సిలికా దుమ్ముని క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది.

ఉలి_సుత్తి:
ఇళ్లలో పొడి కోత పూర్తిగా ఆపాల్సిందే, కొలత తప్పితే స్లాబ్ షాపుకి వెనక్కి వెళ్లాలి, ఇందులో మీతోనే ఉన్నాను. కానీ ఈ ఒక్క సరుకు ఆపేస్తే పని అయిపోయిందనుకుంటారు, గ్రానైట్ కోసేవాళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. నా భయం అది.

ఊపిరి:
ఇప్పటికే ఏళ్ల తరబడి పీల్చినవాళ్ల సంగతేంటి? మెట్లెక్కితే ఆయాసం, తగ్గని దగ్గు ఉంటే డాక్టర్‌కి ఏం పని చేస్తారో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో ముందే చెప్పండి. చెప్పకపోతే ఒట్టి టీబీ అనుకునే అవకాశం ఉంది. రెండూ కలిసీ రావొచ్చు, సిలికా చేరిన ఊపిరితిత్తులకి టీబీ తేలిగ్గా పట్టుకుంటుంది. ఎక్స్‌రేలో మొదట్లో తెలియకపోవచ్చు, సీటీ స్కాన్ అవసరమా అని అడగండి.

పాలిష్_పని:
మా షాపులో ఇంతవరకు ఎవరికీ ఏ పరీక్షా చేయించలేదు. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

ఉలి_సుత్తి:
యజమానే తమ్ముడూ. నేను చెప్పిన అమెరికా రూలులో కూడా దుమ్ములో పనిచేసేవాళ్లకి మూడేళ్లకోసారి పరీక్ష యజమాని ఖర్చుతోనే. ముందు మీరంతా కలిసి వెళ్లి అడగండి, ఒక్కరే వెళ్లొద్దు.