అప్‌డేట్: ట్రావెలర్స్ నోట్‌బుక్‌కి ఇంట్లో కుట్టిన ప్లానర్ సరిపోయింది

పోయిన నెల అడిగాను కదా, జపాన్ ట్రావెలర్స్ నోట్‌బుక్ తోలు అట్టలోకి ప్లానర్ రీఫిల్ (అట్ట లోపల పెట్టి మార్చుకునే పల్చటి పుస్తకం) ఇంట్లోనే ఎలా చేసుకోవాలని. చేసేశానండి! రీఫిల్ కొలత 21 x 11 సెం.మీ., కాబట్టి ఏ4 కాగితాన్ని పొడవులో 7.7 సెం.మీ. కోసేసి మధ్యకి మడిస్తే చాలు, ఇంకో వైపు ముట్టుకోనక్కర్లేదు.

మొదటిది పాడైంది. 8 కాగితాలు మడిస్తే 32 పేజీలు, ఒకే కాగితం మీద 1వ పేజీ పక్కన 32 రావాలని తట్టక వరసగా ప్రింట్ తీయించాను, సోమవారం ఒకచోట, గురువారం ఇంకోచోట పడ్డాయి. రెండోసారి ముందు తెల్లకాగితాలు మడిచి పెన్సిల్‌తో నంబర్లు వేసుకుని, విప్పి చూసి ఆ వరసలోనే తీయించాను.

మీరు చెప్పినట్టే మడత మీద మూడు చిల్లులు పెట్టి, నడిమి చిల్లులో మొదలెట్టి మళ్లీ అక్కడికే వచ్చి ముడి వేశాను, దారానికి కాస్త మైనం రాస్తే చిక్కు పడదు. మడతని మాత్రం స్టీలు గరిటె వెనక వైపుతో గట్టిగా రుద్దాలి, లేకపోతే పుస్తకం నోరు తెరుచుకునే ఉంటుంది. లోపలి కాగితాలు కొంచెం బయటికి పొడుచుకొస్తాయి, అంచు కుట్టాకే కోయండి.

70 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో చెప్పే కాగితం బరువు) కాగితం మీద ఫౌంటెన్ పెన్ ఇంకు వెనక్కి దిగింది, 100 మీద దిగట్లేదు. ఎడమ పేజీలో వారం, కుడి పేజీలో గళ్లు. పాల లెక్క, కరెంటు బిల్లు అన్నీ అందులోనే. ఇప్పుడు అక్కకి ఒకటి కుడుతున్నా.