చెన్నైలో బ్లాక్ అండ్ వైట్ స్లైడ్లు: ఏ ఫిల్మ్, ఎవరు కడుగుతారు?

ప్రశ్న (మైలాపూర్ నుంచి):
మామయ్యగారి స్లైడ్ ప్రొజెక్టర్ మా ఇంటికొచ్చింది. కపాలీశ్వరుడి గోపురం, మాడ వీధులు బ్లాక్ అండ్ వైట్‌లో గోడంత పెద్దగా చూడాలని నా ఆశ. అగ్ఫా స్కాలా అనే బ్లాక్ అండ్ వైట్ స్లైడ్ ఫిల్మ్ ఆగిపోయిందిగా, ఇప్పుడేం దొరుకుతుంది? కలర్ స్లైడ్లు కడిగే ల్యాబ్‌కి ఇవ్వొచ్చా?

జవాబు:
ఈ-6 (కలర్ స్లైడ్లు కడిగే పద్ధతి) ల్యాబ్‌కి మాత్రం ఇవ్వకండి. బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మంతా వెండే, అందులో ఆ వెండి మొత్తం పోతుంది, ఖాళీ ఫిల్మ్ చేతికొస్తుంది. ఫోమాపాన్ ఆర్ 100, అడాక్స్ స్కాలా 50 అనే బ్లాక్ అండ్ వైట్ స్లైడ్ ఫిల్మ్‌లు వెతకండి.

జవాబు (వేళచ్చేరి నుంచి):
నేను ఇంట్లోనే కడుగుతాను. డెవలప్ (నెగటివ్ బొమ్మ వస్తుంది), బ్లీచ్ (ఆ బొమ్మ వెండిని కరిగిస్తుంది), మెటాబైసల్ఫైట్‌తో క్లియర్ (బ్లీచ్ మరకలు పోతాయి), లైటు చూపించి మళ్లీ డెవలప్ (మిగిలిన వెండితో పాజిటివ్ బొమ్మ వస్తుంది), చివర ఫిక్స్. బ్లీచ్ అంటే పొటాషియం పర్మాంగనేట్, సల్ఫ్యూరిక్ యాసిడ్. రెండు ద్రావణాలూ విడిగా ఉంచి, వాడే ముందే కలపాలి. యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, నీళ్లు యాసిడ్‌లో ఎప్పుడూ వద్దు. గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. అసలు టెన్షన్ మన ఎండలతోనే. పర్మాంగనేట్ ఎమల్షన్‌ని (ఫిల్మ్ మీద బొమ్మ ఉండే పొరని) మెత్తబరుస్తుంది, మే నెలలో మిద్దె మీది ట్యాంకు వేడి నీళ్లు తగిలితే పొర ఊడొచ్చేస్తుంది. కడిగే నీళ్లతో సహా అన్నీ ఐస్‌తో 20 డిగ్రీలకు తెచ్చుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. ఫ్రిజ్‌లో కొడాక్ టీమాక్స్ 100 (మామూలు బ్లాక్ అండ్ వైట్ నెగటివ్ ఫిల్మ్) ఉంది, పనికొస్తుందా?

జవాబు (వేళచ్చేరి నుంచి):
బాగా వస్తుంది, దాని బేస్ (ఎమల్షన్ కింది ప్లాస్టిక్) తేటగా ఉంటుంది. బూడిదరంగు బేస్ ఉన్న ఫిల్మ్ అయితే తెలుపు మసకబారుతుంది. ముందు ఒక చిన్న ముక్క కడిగి చూడండి.