దేవమాలి చలికి గట్టిపడని, బలమైన ఇంటి రొట్టె ఎలా చేయాలి?

ప్రశ్న (రాయగడ నుంచి):
డిసెంబరులో మేము నలుగురం కోరాపుట్ జిల్లాలోని దేవమాలి కొండ మీద రెండు రాత్రులు గుడారాల్లో గడపాలనుకుంటున్నాము. 1,672 మీటర్ల ఎత్తున, ఆ గాలిలో ప్రతి పూటా పొయ్యి వెలిగించడం కుదరదు కాబట్టి, తక్కువ బరువులో ఎక్కువ శక్తినిచ్చే రొట్టెను ఇంట్లోనే కాల్చి తీసుకువెళ్ళాలని ఉంది. పోయినసారి నెయ్యి ధారాళంగా పోసి చేసిన గోధుమ రొట్టె రెండో రోజు ఉదయానికి కత్తికి కూడా లొంగలేదు. పొరపాటు ఎక్కడ జరిగిందో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (పర్లాకిమిడి నుంచి):
కొంత నెయ్యి వల్ల, కొంత చలి వల్ల అలా జరిగిందండి. తడి ఆరిపోయి రొట్టె గట్టిపడుతుందని అనుకుంటాము గాని, కాల్చినప్పుడు మెత్తబడిన పిండిపదార్థం చల్లారాక మళ్ళీ బిగుసుకోవడమే ముఖ్య కారణం. అది ఫ్రిజ్‌లో ఉండేపాటి చలిలో మరీ వేగంగా జరుగుతుంది. పైగా నెయ్యి పేరుకుంటుంది. నువ్వుల నూనె ఆ చలికి పేరుకోదు, శక్తిలోనూ నెయ్యికి తీసిపోదు. రెండూ గ్రాముకు సుమారు 9 కేలరీలే.

నా కొలత ఇది: గోధుమపిండి 400 గ్రాములు, చోడిపిండి (రాగిపిండి) 100, బెల్లం 100, నువ్వుల నూనె 60, వేయించి కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగలు 80, నువ్వులు 30, గింజ తీసిన ఖర్జూరం 100, ఉప్పు 9, పొడి ఈస్ట్ 7, గోరువెచ్చని నీరు సుమారు 280 మిల్లీలీటర్లు. మా ఇంట్లో ఓవెన్ లేదు; విజిల్, గాస్కెట్ తీసేసిన కుక్కరులో నీళ్ళు పోయకుండా, అడుగున ఉప్పు పరిచి, సన్నని సెగ మీద గంటసేపు కాలుస్తాను. మధ్యలో పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. కిలోకు కాస్త పైగా తూగే ఆ రొట్టెలో దాదాపు 3,500 కేలరీలు ఉంటాయి.

సమాధానం (జయపురం నుంచి):
పై కొలత బాగుంది గాని చోడిపిండిని అంతకు మించనివ్వకండి. పిండిని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ చోళ్ళలో ఉండదు కనుక రొట్టె పొంగదు. బెల్లం ఎక్కువైనా ఈస్ట్ మందగిస్తుంది, మా ఊరి చలికాలంలో అయితే మరీను. అందుచేత పిండిని గంట లెక్కన కాక, రెట్టింపు అయ్యేదాకా వెచ్చని చోట ఉంచండి. పూర్తిగా చల్లారాకే చుట్టండి, లేకపోతే లోపలి ఆవిరికి బూజు పడుతుంది. కొండ మీద ముక్కలను పెనంపై కాసేపు వేడి చేస్తే మళ్ళీ మెత్తబడతాయి.

సమాధానం (బరంపురం నుంచి):
ఇంత శ్రమ ఎందుకో నాకు అర్థం కాలేదు. నువ్వులు, బెల్లం సమంగా దంచి చిమ్మిలి ఉండలు చుట్టుకుంటే 100 గ్రాములకు 470 కేలరీల దాకా వస్తాయి, పొయ్యి అవసరమే లేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. చిమ్మిలి దారిలోకి తప్పక పెట్టుకుంటాము గాని, రెండు రోజులు పూటపూటకూ తీపే తినలేమండీ. ఈ ఆదివారం సగం కొలతతో రొట్టె చేసి, ఒక ముక్కను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, తెల్లవారి కత్తి పెట్టి చూస్తాను.